ప్రొద్దుటూరు సుబ్బమ్మ – తెలుగుతెర శాంతకుమారి

పాపఘ్ని కొండల్ని చీల్చుకొని వచ్చే గండి, ఇటు పులివెందుల, అటు పెన్న ఒడ్డున జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. ఈ సీమ నుంచి సినిమాకు వెళ్లినవారెవరంటే బి.ఎన్.రెడ్డి, బి.నాగిరెడ్డి, పద్మనాభం పేర్లు వెంటనే చెబుతాం. వారందరికన్నా ముందే, 1936లోనే, ఈ నేల ఆడపడుచు ఒకరు కథానాయికగా తెరమీదికి వచ్చారు. ఆమె శాంతకుమారి.

1920లో ప్రొద్దుటూరులో పుట్టిన ఆమె అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. మద్రాసులో ఆచార్య పి.సాంబమూర్తి గారి వద్ద కర్ణాటక సంగీతం, వయొలిన్ నేర్చుకున్నారు. నేపథ్యగానం ఇంకా రాని రోజులవి. తెరమీద కనిపించేవారే పాడాలి. సుబ్బమ్మను సినిమాకు చేర్చింది ఆ పాటే. పి.వి.దాసు దర్శకత్వంలో వచ్చిన ‘శశిరేఖా పరిణయం’లో శశిరేఖగా నటించి, శాంతకుమారి అయ్యారు. 1937లో ‘సారంగధర’లో నటించారు. ఆ ఏడాదే ఆ చిత్ర దర్శకుడు పి.పుల్లయ్యను పెళ్లాడారు.

1939లో పుల్లయ్య తీసిన ‘బాలాజీ’లో ఆమె పద్మావతి. సి.ఎస్.ఆర్. ఆంజనేయులు వేంకటేశ్వరుడు. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత, 1960లో, అదే కథను పుల్లయ్య ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’గా మళ్లీ తీశారు. ఈసారి సావిత్రి పద్మావతి, ఎన్.టి.రామారావు స్వామి. శాంతకుమారి వకుళమాత. ఒకనాడు స్వామిని వరించిన పెళ్లికూతురు, ఇప్పుడు ఆయన పెళ్లి కోసం తపించే తల్లి! అప్పటికి నేపథ్యగాయనుల కాలం నడుస్తున్నా, తన పాటలు తానే పాడుకున్నారు.

కథానాయికకు వయసు మళ్లితే తెర దూరమైపోతుంది. ఆమె అలా కానివ్వలేదు. 1949లో వాహిని వారి ‘గుణసుందరి కథ’లోనూ, 1950లో నాగిరెడ్డి–చక్రపాణి విజయా సంస్థ తొలిచిత్రం ‘షావుకారు’లోనూ ఉన్నారు. 1955లో ‘అర్ధాంగి’లో సవతితల్లిగా మెప్పించారు. 1971లో ‘ప్రేమ్‌నగర్’లో జమీందారు ఇంటి తల్లి. మరుసటి ఏడాది తమిళ ‘వసంత మాళిగై’లోనూ అదే పాత్ర.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమెను రఘుపతి వెంకయ్య పురస్కారంతో గౌరవించింది. 2006 జనవరి 16న ఆమె కన్నుమూశారు.

కడప గడపను తిరుమలకు తొలి గడప అంటారు. ఆ గడపలో పుట్టిన బిడ్డ తెరమీద వేంకటేశ్వరునికి భార్యగా, తల్లిగా రెండు వరుసలూ కలుపుకున్నారు. టీవీలో ‘మహాత్మ్యం’ వచ్చినప్పుడల్లా వకుళమ్మను చూసి చేతులు జోడిస్తాం. ఆమె మన ప్రొద్దుటూరు సుబ్బమ్మేనని పక్కన కూర్చున్న పిల్లలకు ఒక్కమాట చెబుదాం. బి.ఎన్., నాగిరెడ్డి, పద్మనాభంల పక్కన ఆ పేరూ నిలవాలి.