ఉప్పు మడి, ఐపీ చిరునామా

లీజు అనగానే నాకు నౌపడ ఉప్పు మడులు గుర్తొస్తాయి. భూమి సర్కారుది, గడువున్నన్నాళ్ళూ ఉప్పు మనది. ఇంటర్నెట్‌లోనూ అదే మాట వాడతారు.

1981లో ఐపీ చిరునామాకి 32 బిట్లు చాలనుకున్నారు. అంటే సుమారు 430 కోట్ల చిరునామాలు. 1993లో డీహెచ్‌సీపీ వచ్చింది: అడిగిన కంప్యూటరుకి చిరునామాని లీజుకిచ్చి, గడువు తీరాక ఇంకొకరికి ఇస్తుంది. అదే డైనమిక్ ఐపీ. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ నిల్వే ఖాళీ అయింది. ఇవాళ మారని చిరునామా, అంటే స్టాటిక్ ఐపీ కావాలంటే, చాలాచోట్ల విడిగా డబ్బు కట్టాల్సిందే.

ఇంట్లో సినిమాలు చూడ్డానికి లీజు చాలు. సొంత సర్వరు పెట్టి నలుగురినీ మన గుమ్మానికి పిలవాలంటే స్థిరమైన చిరునామా ఉండాలి. కరువు ఖర్చు చూసేవాడి మీద కాదు, చెప్పాలనుకున్నవాడి మీద పడింది.