వెళ్లిపోయినవారి లెక్క: ఫోర్డ్ కర్మాగారంలో శ్రామిక టర్నోవర్, 1913–1921

ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలలో అమెరికాలోని చాలా కర్మాగారాలలో ఎవరిని పనిలోకి తీసుకోవాలి, ఎవరిని తీసివేయాలి అనే విషయాలను ఫోర్‌మన్‌లే తేల్చేవారు. ఉదయం గేటు ముందు గుమిగూడిన వారిలో తనకు నచ్చినవారిని ఫోర్‌మన్ లోపలికి పిలిచేవాడు. ముడిసరుకుకు, బొగ్గుకు, యంత్రాలకు యాజమాన్యం దగ్గర పద్దులు ఉండేవి. పని మానేసి వెళ్లినవారికి మాత్రం చాలాచోట్ల పద్దే లేదు. ఒకరు పోతే ఇంకొకరు దొరుకుతారన్నది అప్పటి ధోరణి.

జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన మాగ్నస్ అలెగ్జాండర్ ఈ ధోరణిని అంకెలతో ప్రశ్నించాడు. 1912 సంవత్సరానికి సంబంధించి 12 కర్మాగారాల వివరాలను ఆయన సేకరించాడు. ఆ ఏడాదిలో వాటిలో పనివారి సంఖ్య నికరంగా పెరిగింది 6,697 మాత్రమే. దానికోసం కొత్తగా తీసుకున్నవారు 42,571 మంది. తేడా 35,874. మరణాలు, అనారోగ్యం వంటి తప్పని కారణాలకు కొంత మినహాయించినా, మిగిలింది చిన్న సంఖ్య కాదు. కొత్తవారికి పని నేర్పడానికి, వారి చేతుల్లో పాడయ్యే సరుకుకు, విరిగే పనిముట్లకు అయ్యే ఖర్చును ఆయన డాలర్లలో చూపాడు. యజమానులకు అర్థమయ్యే భాష అదే మరి.

ఈ లెక్కనే శ్రామిక టర్నోవర్ రేటు అంటారు. ఒక కాలంలో విడిచివెళ్లినవారి సంఖ్యను ఆ కాలంలోని సగటు పనివారి సంఖ్యతో భాగించి, 100తో హెచ్చిస్తే వస్తుంది. నేడు హైదరాబాద్ ఐటీ సంస్థలలో ‘అట్రిషన్’ అనే పేరుతో దీన్నే మీరు విని ఉంటారు.

హైలాండ్ పార్క్‌లో ఏం జరిగింది?

డెట్రాయిట్‌కు ఆనుకుని ఉన్న హైలాండ్ పార్క్‌లో ఫోర్డ్ సంస్థ 1913లో కదిలే అసెంబ్లీ లైనును ప్రవేశపెట్టింది. ఒక కారు ఛాసిస్‌ను బిగించడానికి అంతకుముందు పన్నెండు గంటలకు పైగా పట్టేది. 1914 నాటికి అది 93 నిమిషాలకు తగ్గింది. అయితే రోజంతా ఒకే బోల్టు బిగించే పనిలో నిలబడటానికి మనుషులు ఇష్టపడలేదు. దాదాపు 14,000 మందితో కర్మాగారాన్ని నడపడానికి ఆ ఒక్క ఏడాదిలో 52,000 మందికి పైగా తీసుకోవలసి వచ్చింది. పై సూత్రంలో ఈ అంకెలను మీరే వేసి చూడండి: సుమారు 370 శాతం. రోజుకు పది శాతం మంది గైర్హాజరు అయ్యేవారు.

ఈ అంకె కంటే దాని లోపలి విభజన ఎక్కువ విషయం చెబుతుంది. 1913 మార్చి నెలలో సుమారు 7,300 మంది కర్మాగారాన్ని విడిచారు. వారిలో యాజమాన్యం తొలగించినవారు ఐదింట ఒక వంతు కూడా లేరు. చెప్పి మానేసినవారు ఇంకా తక్కువ. నూటికి 71 మంది ఏమీ చెప్పకుండా రావడం మానేసినవారే. వరుసగా ఐదు రోజులు రాకపోతే పేరు కొట్టివేసేవారు కాబట్టి వీరిని ‘ఐదు రోజుల మనుషులు’ అన్నారు. ఎందుకు వెళ్లారన్న ప్రశ్నకు రిజిస్టరులో జవాబు లేదు. వారిని అడిగినవారూ లేరు.

ఆ జవాబును మరోచోట వెదకమని సంస్థ జాన్ ఆర్. లీ అనే అధికారికి అప్పగించింది. ఆయన చూసినవి పని గంటలు, గజిబిజిగా ఉన్న కూలి రేట్లు, ఫోర్‌మన్‌ల ఇష్టారాజ్యం. 1913 అక్టోబరులో కూలి పెంచి, రేట్లను కొద్దిపాటి తరగతులుగా సర్దారు. ఇకపై ఫోర్‌మన్ ఒకరిని తన విభాగం నుంచి పంపగలడే గాని, కర్మాగారం నుంచి తొలగించలేడు. ఆ వ్యక్తికి మరో విభాగంలో పని చూడటం ఉద్యోగ నియామక శాఖ బాధ్యత అయింది. చరిత్ర పుస్తకాలు దీని గురించి తక్కువే చెబుతాయి. నా దృష్టిలో ఆ ఏడాది లెక్కల నుంచి నేరుగా పుట్టిన నిర్ణయం ఇదే.

అందరికీ తెలిసిన నిర్ణయం 1914 జనవరి 5న వచ్చింది. పనిదినం తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గింది. 2.34 డాలర్ల కనీస దినకూలి స్థానంలో 5 డాలర్లు ప్రకటించారు. వేలాది మంది గేటు ముందుకు చేరారు. గడ్డకట్టే చలిలో వారిపై అగ్నిమాపక గొట్టాలతో నీళ్లు చిమ్మించి చెదరగొట్టారు. టర్నోవర్ 1914లో 54 శాతానికి, 1915లో 16 శాతానికి పడిపోయింది.

కూలి పెంపు ఫలితమేనా?

ఇక్కడ తొందరపడకూడదు. 1914లో అమెరికాలో వ్యాపారం మందగించింది, ఉద్యోగాలు తగ్గాయి. వేరేచోట పని దొరకనప్పుడు ఉన్న పనిని ఎవరూ వదులుకోరు. కాబట్టి పడిపోయిన శాతమంతా కూలి పెంపు ఖాతాలో వేయలేము. ఆర్థిక చరిత్రకారుడు డేనియల్ రాఫ్ 1988లో ఈ విషయాన్ని తిరిగి పరిశీలించి, టర్నోవర్‌ను తగ్గించడమే అసలు కారణమన్న వాదన నిలబడదని అన్నాడు. అసెంబ్లీ లైనులో కొద్దిమంది చేయి ఆపినా మొత్తం ఆగిపోతుంది. కార్మికులు సంఘటితమవుతారన్న భయమే ఎక్కువ పనిచేసి ఉండవచ్చునని ఆయన అభిప్రాయం. 1913 వేసవిలో డెట్రాయిట్‌లోనే స్టూడ్‌బేకర్ కార్ల కార్మికులు సమ్మె చేశారని గుర్తుంచుకుంటే ఈ వాదనను కొట్టిపారేయడం కష్టం.

ఐదు డాలర్లలో సుమారు సగం మాత్రమే కూలి. మిగతాది లాభాలలో వాటా. అది అందరికీ అందలేదు. మొదట్లో ఆడవారికి ఇవ్వలేదు. ఆరు నెలల సర్వీసు లేనివారికీ, పోషించవలసిన కుటుంబం లేని 22 ఏళ్లలోపు యువకులకూ లేదు. అర్హత తేల్చడానికి లీ ఆధ్వర్యంలో ‘సోషియలాజికల్ డిపార్ట్‌మెంట్’ ఏర్పడింది. దాని పరిశోధకులు కార్మికుల ఇళ్లకు వెళ్లి పెళ్లి, అప్పులు, పొదుపు, తాగుడు, ఇంటి శుభ్రత, అద్దెకు పెట్టుకున్నవారి సంఖ్య, మాట్లాడే భాష వంటివన్నీ నమోదు చేసేవారు. పద్ధతి నచ్చకపోతే వాటా నిలిపివేసేవారు. మార్చుకోవడానికి ఆరు నెలలు గడువు.

గేటు దగ్గర మొదలైన లెక్క ఈ విధంగా వంటగది దాకా వచ్చింది. తనమీద రాసిన పత్రంలో ఏముందో కార్మికుడు నిర్ణయించలేడు. రెట్టింపు కూలి కోసం చాలామంది తలుపు తీశారు.

1915 చివరలో ఈ శాఖను చేపట్టిన శామ్యూల్ మార్క్విస్ మతాచార్యుడు. పరిశోధకులకు ‘సలహాదారులు’ అని పేరు మార్చాడు. యుద్ధకాలపు ధరల పెరుగుదలతో ఐదు డాలర్ల విలువ కరిగిపోయింది. 1919లో దినకూలిని ఆరు డాలర్లు చేయవలసి వచ్చింది. 1921లో మార్క్విస్ రాజీనామా చేశాడు.