రెండవవానికి దక్కిన వేతనము

పరిశోధకులకు వేతనము లొసగు ఆచారము నేడు మనకు సామాన్యముగా తోచును. దాని పూర్వచరిత్రలో ఒక ఘట్టమును శ్రోతలకు మనవిచేయుచున్నాము.

1851లో లండనునందలి హైడ్ పార్కులో గాజుమేడ కట్టి, సకలదేశ వస్తుప్రదర్శనము జరిపిరి. 60 లక్షల సందర్శనములు జరిగెను. ఖర్చులు పోను 1,86,000 పౌండ్లు మిగిలెను. ఆ ధనమును విద్యాభివృద్ధికై ఒక సంఘమున కప్పగించిరి. ఆ సంఘమే 1891లో పరిశోధక వేతనములను నెలకొల్పెను.

కొలది యేండ్లకు న్యూజిలాండునుండి దానికై ఇరువురు పోటీపడిరి. రసాయనశాస్త్రజ్ఞుడు మెక్లారిన్ ఎన్నికయ్యెను. కాని ఆయన వలదనెను. అంతట ఏటికి 150 పౌండ్ల వేతనము రెండవవానికి దక్కెను. అతడే ఎర్నెస్టు రూథర్‌ఫర్డు.

అన్య విశ్వవిద్యాలయముల పట్టభద్రులకు కేంబ్రిడ్జి పరిశోధనద్వారము తెరచినదియు ఆ 1895లోనే. రూథర్‌ఫర్డు అచట జె. జె. థామ్సనువద్ద చేరెను. 1908లో నోబెల్ బహుమతి నందెను. 1911లో పరమాణువునకు కేంద్రకము కలదని ప్రకటించెను.

ప్రతిభ యొక్కటియే చాలదు. తలుపు తెరచువారును, దారిబత్తె మిచ్చువారును కావలెను. ఎన్నికలో వెనుకబడినవానియందు ఏ రూథర్‌ఫర్డు దాగియున్నాడో యెవరెరుగుదురు? కావున వేతనముల సంఖ్య పెంచుట దుబారా కాదని మా విశ్వాసము.