కోనసీమలో ఎండాకాలపు సరదాలు – నాడు, నేడు

చరిత్ర అనగానే రాజులు, కోటలు, యుద్ధములు గుర్తుకు వస్తాయి. బడిలో పిల్లలకు మేము చెప్పేదీ ఎక్కువగా అదే. కానీ మన తాతలు ఎండాకాలంలో ఎక్కడికి పోయేవారు, ఎట్లా పోయేవారు, ఎవరితో కలిసి దస్తర్‌ఖాన్ మీద కూర్చునేవారు అన్నది కూడా చరిత్రయే గదా. ఈ వ్యాసములో ఆ సంగతి నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట మన నేల గురించి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయలకూ బంగాళాఖాతమునకూ నడుమ చిక్కుకున్న నేలయే కోనసీమ. అందుచేత మనకు ప్రయాణమంటే నీళ్ళు దాటడమే. ఆర్థర్ కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టించగా 1852 నాటికి పూర్తి అయినది. కాలువలు పొలములకు నీళ్ళు ఇచ్చినవి, మనుష్యులకు దారి కూడా ఇచ్చినవి. పి.గన్నవరం దగ్గర అక్విడక్టు కట్టి, వైనతేయ మీదుగా కాలువనే అవతలి ఒడ్డుకు దాటించినారు. బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు, పెళ్ళివారు, బాలింతలు – అందరికీ పడవే వాహనముగా ఉండెడిది. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుచుండగా పడవ మెల్లగా సాగేది.

అయితే ఇక్కడ ఒక చిక్కు గలదు. ఎండాకాలంలో పూడిక తీతకు, మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. ఇంచుమించు ఏప్రిల్ ఆఖరులో నీళ్ళు ఆగితే జూన్‌లో గాని వదలరు. అంటే బడికి సెలవులు ఇచ్చే సమయానికే పడవ దారి మూతపడేది. అందుకే ఆనాటి ఎండాకాలపు ప్రయాణములు రెండెడ్ల బండి మీద, లేకుంటే కాలినడకన, రేవు దగ్గర మాత్రం నది పడవ మీద సాగేవి. బండి రాత్రి చల్లబడ్డాక కట్టి, తెల్లవారేసరికి చేరుకునేవారు. ఇక పిల్లలకైతే కాలువ ఎండిపోవడమే ఒక పండుగ! మడుగుల్లో మిగిలిన చేపలు పట్టుకోవడం, బురద పూసుకుని ఇంటికి వచ్చి అమ్మీ చేత చీవాట్లు తినడం – ఇది ఏ మతం పిల్లవాడికైనా ఒకటే.

కాకినాడ పోవలెనన్న ముక్తేశ్వరం దగ్గర గౌతమి దాటి కోటిపల్లి చేరేవారు. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు వేసినారు. పన్నెండేళ్ళు తిరగకుండానే, 1940లో, రెండవ ప్రపంచ యుద్ధ అవసరములకు ఆ పట్టాలు పీకి తీసుకుపోయినారు. ఎక్కడో ఐరోపాలో యుద్ధం వస్తే ఇక్కడ మన కుటుంబాల ప్రయాణం ఆగిపోయినది. ఆ లైను మళ్ళీ తెరవడానికి 2004 దాకా పట్టినది. ఈలోగా పాయల మీద వంతెనలు వచ్చినవి. ఎదుర్లంక–యానాం వంతెనకు మన అమలాపురం నుంచి లోక్‌సభకు ఎన్నికై స్పీకరుగా పనిచేస్తూ 2002లో మరణించిన బాలయోగి గారి పేరు పెట్టినారు. అయినను సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం పోయే సరదా వేరు.

ఇక పండుగల సంగతి. మన పండుగలు చంద్రుని లెక్క ప్రకారం వస్తాయి. చాంద్రమాన సంవత్సరం సూర్యమాన సంవత్సరం కన్న దాదాపు 11 రోజులు చిన్నది. కనుక ప్రతి పండుగా ఏటేటా ముందుకు జరిగి, సుమారు 33 ఏళ్ళకు మళ్ళీ అదే ఋతువుకు వస్తుంది. 1986లో రంజాన్ ఉపవాసములు మే నెలలో వచ్చినవి. మేమప్పుడు పసివాళ్ళము. మళ్ళీ 2019లో మే నెలలోనే వచ్చినవి. సరిగ్గా 33 ఏళ్ళు! అంటే ఒక మనిషి తన జీవితంలో ఎండాకాలపు రోజాలను రెండు సార్లు, బహు ఆయుష్మంతుడైతే మూడు సార్లు చూస్తాడు. ఆ రోజులలో ఇఫ్తార్‌కు ఖర్జూరంతో పాటు కొబ్బరినీళ్ళు, తాటిముంజలు, సబ్జా గింజల షర్బత్ ఉండేవి. 2020లో మాత్రం కరోనా లాక్‌డౌన్ వలన మే నెల ఈద్ నమాజు ఇళ్ళలోనే చదువుకొన్నాము. ఈద్గా లేని పండుగ ఎంత వెలితిగా ఉంటుందో అందరికీ తెలిసివచ్చినది.

ఇప్పుడు రంజాన్ చలికాలం వైపు సాగినది. బక్రీద్ ఎండాకాలానికి వచ్చినది. 2024లో జూన్ 17న వచ్చిన బక్రీద్, 2025లో జూన్ 7న, అనగా వేసవి సెలవులలో వచ్చినది. ఇంకా కొన్నేళ్ళ పాటు ఇట్లాగే సెలవులలో వస్తుంది. ఇది మనకు దొరికిన మంచి అవకాశము. ఖుర్బానీ నాడు ఇరుగుపొరుగుకు, పేదలకు వాటాలు పంచడంతోనే పొద్దు పోతుంది. మర్నాడు, బాసీ ఈద్ నాడు, కుటుంబమంతా కలిసి అంతర్వేది సముద్రపు ఒడ్డుకో, ఓడలరేవుకో, దిండికో పోవచ్చును.

ఆడవారి మాట కూడా చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. పూర్వం మన ఇళ్ళలో ఆడవారికి ఎండాకాలపు విహారమంటే పుట్టిల్లే. అక్కడ కూడా ఖాళీ ఏదీ? మామిడికాయలు తరగడం, ఆవకాయ కలపడం, వడియాలు పెట్టడం. అయినా అక్కచెల్లెళ్ళు, ఖాలాలు, ఫూఫీలు ఒక్కచోట కూర్చుని పని చేసుకుంటే అదే వారికి పెద్ద సరదా. పక్కింటి పిన్నిగారి జాడీ మన ఇంటికి, మన ఇంటి సేమియా వారింటికి పోతూ వస్తూ ఉండేవి. నేడు వ్యానులో సముద్రానికి పోతున్నాము గాని, తెల్లవారుజామున లేచి నలభై మందికి బిర్యానీ వండేది ఇప్పటికీ ఆడవారే. ఆ ఒక్కరోజు మగవారు గరిట పట్టుకుంటే పరువు పోదని మా మనవి!

మన ప్రాంతం నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ పోయిన వారు చాలామంది గలరు. తండ్రి ఒకచోట, తల్లి ఒకచోట, పిల్లలు నానీ దగ్గర ఉన్న కుటుంబములు మన మధ్యనే ఉన్నవి. అటువంటి పిల్లలకు సెలవులు వస్తే సంతోషం కన్న దిగులే ఎక్కువ. మా తరగతిలో అటువంటి ముఖాలు మేము ఏటా చూస్తున్నాము. మీ కుటుంబం విహారానికి బయలుదేరేటప్పుడు అటువంటి పిల్లవానిని ఒక్కడిని వెంట తీసుకుపోతే, అది కూడా ఒక ఖిద్మత్ కాదా?

మరొక ముఖ్య విషయం. నీళ్ళు మనకు అన్నం పెట్టినవే, కానీ నీళ్ళు స్నేహం ఎరుగవు. 2025 మే నెలలో ముమ్మిడివరం మండలం కమినిలంక దగ్గర గోదావరిలో దిగిన యువకులలో ఎనిమిది మంది మునిగి చనిపోయినారు. శుభకార్యానికి వచ్చి, సరదాగా స్నానానికి దిగినవారు. పైకి ఇసుక తిన్నెగా కనబడినచోటనే పక్కన లోతైన గుంట ఉంటుంది. నదీ సంగమముల దగ్గర సుడులు, ఆటుపోట్లు ఉంటాయి. కాబట్టి ఈత వచ్చిన పెద్దవారు తోడు లేకుండా పిల్లలను నీళ్ళలోకి పంపరాదు. ఆ ఊరి పడవవాడు "ఇక్కడ దిగకండి బాబూ" అంటే, మారు మాట్లాడకుండా వినవలెను. వీలైతే మన పిల్లలకు ఈత నేర్పించే ఏర్పాటు సంఘము తరఫున చేయవలెనని పెద్దలను కోరుచున్నాము.

వచ్చే బక్రీద్ సెలవులలో మన కుటుంబములన్నీ ఒక్కరోజైనా ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోవాలని, ఇరుగుపొరుగు హిందూ, క్రైస్తవ మిత్రులను కూడా పిలుచుకోవాలని, వెళ్ళినవారందరూ క్షేమముగా ఇంటికి చేరాలని అల్లాహ్‌ను వేడుకొనుచున్నాము.