కృతిపతి వంశం, వేమన కులం

తళ్ళికోట యుద్ధం (1565) తరవాత విజయనగర రాజధాని పెనుకొండకు చేరింది. అక్కణ్ణుంచి ఏలిన అరవీటి తిరుమలరాయలకే రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చాడు. కథ మొదలు కావాలంటే ముందు రాజుగారి తాతముత్తాతలు పద్యాల్లో ఊరేగాలి. కృతిపతి ఎవరంటే ప్రబంధం చెప్పే మొదటి జవాబు ఎవరి కొడుకన్నదే. హిందూపురం దగ్గరి లేపాక్షి శాసనాల తీరూ ఇదే. ఆలయ నిర్మాత విరూపణ్ణ నంది లక్కిసెట్టి కుమారుడిగా రాతికెక్కాడు. కప్పు మీద బొమ్మలు రాసిన చేతులకు తండ్రి పేరు మాట అటుంచి, సొంత పేరే మిగల్లేదు. ధర్మవరం చీరకు ఊరి పేరుంది, నేసినవాడి పేరు లేదు.

పుట్టుకను పక్కకు పెట్టి మనిషిని తూచాలన్న పెనుగులాట ఇతర సమాజాల్లోనూ జరిగింది. యూదుల్లో యాజకత్వం అహరోను వంశీకుల జన్మహక్కు. అయినా క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన వారి ధర్మసంహిత మిష్నా, ఎవరు ముందు, ఎవరు వెనక అని పుట్టుకను బట్టి వరస చెప్పి, చివరికి ఆ వరసను తానే తిరగేసింది. నిషిద్ధ సంబంధంలో పుట్టినవాడైనా సరే, విద్వాంసుడైతే చదువులేని ప్రధాన యాజకుడి కన్నా ముందువాడేనంది. ఇది చిన్న తిరుగుబాటు కాదు. అయితే ఆ విద్య ఎవరికి అందిందన్న ప్రశ్న మిగిలే ఉంది. ప్రాణం కాపాడవలసి వస్తే మగవాడి తరవాతే స్త్రీ అని చెప్పిందీ ఆ గ్రంథమే.

మన వేమన విద్యను కూడా తూకపురాయిగా ఒప్పుకోలేదు. పండితుణ్ణీ నడతే అడిగాడు. ధర్మవరానికి ఆగ్నేయాన, కదిరి ప్రాంతపు కటారుపల్లెలో ఆయన సమాధి ఉందని జనం నమ్మకం. ఆయనకు ఆస్థానం లేదు, కృతిపతి లేడు, వంశవర్ణన లేదు. 1829లో బ్రౌన్ అచ్చు వేయించే నాటికి ఆ పద్యాలు తాటాకుల మీదా, అంతకన్నా ఎక్కువగా జనం నోళ్ళలోనూ బతికి ఉన్నాయి.

అటువంటి కవికి మనం చేసిన మర్యాద ఏమిటి? ఏ కులం, ఏ శాఖ, కొండవీటి రెడ్డిరాజులకు తమ్ముడా కాదా అని తగవు పడ్డాం. ప్రబంధకవి డబ్బు పుచ్చుకుని చేసిన పనిని విమర్శకులు ఉచితంగా చేశారు! కులాన్ని ఎత్తిపొడిచినవాడి కులం తేల్చడానికి పడిన శ్రమలో సగమైనా ప్రక్షిప్తాల పరిశీలన మీద పెట్టి ఉంటే, ఆయన పేర చలామణీ అవుతున్న వేల పద్యాల్లో ఏవి ఆయనవో ఈపాటికి మరికాస్త తేలేది.