నీళ్లు తూచి కాలాన్ని పట్టారు

చెట్టు మీంచి కొబ్బరికాయ రాలితే ఒక్క క్షణం, అంతే. ఆ క్షణంలో దాని వేగం ఎలా పెరుగుతుందో ఎవరు చూడగలరు? నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలోని పాడువాలో లెక్కలు చెప్పే గెలీలియోను ఈ చిక్కుముడే వేధించింది. క్షణాలను నమ్మకంగా కొలిచే గడియారం అప్పటికి లేదు.

మొదట ఆయనా తప్పటడుగే వేశాడు. పడే వస్తువు వేగం, అది దాటిన దూరాన్ని బట్టి పెరుగుతుందని 1604లో మిత్రుడు సార్పికి ఉత్తరం రాశాడు. అది పొరపాటనీ, వేగం పెరిగేది గడిచిన కాలాన్ని బట్టేననీ గ్రహించడానికి ఏళ్లు పట్టింది.

పడేదాన్ని పట్టుకోలేం సరే, నెమ్మదిగా దొర్లిస్తే? 12 మూరల చెక్కలో గాడి తీయించి, లోపల నున్నటి తోలు కాగితం అతికించి, ఒక కొస కాస్త ఎత్తి కంచు గుండు వదిలాడు. పక్కన నీళ్ల తొట్టి, దాని అడుగున సన్నటి గొట్టం. గుండు కదిలినప్పటి నుంచి చివర చేరేదాకా కారిన నీటిని పట్టి త్రాసులో తూచాడు. అలా వందసార్లు! ఆ వృత్తాంతం 1638లో లైడెన్‌లో అచ్చయ్యేసరికి ఆయన గృహనిర్బంధంలో ఉన్నాడు, చూపు కూడా పోయింది.

మా ఆత్రేయపురంలో పిల్లలకి ఈ కథ చెబితే "మనమూ చేద్దాం తాతయ్యా" అని పట్టుబట్టారు. వెదురు చీల్చి ఏటవాలుగా పెట్టాం. కణుపు తగిలి గోళీ ఎగిరిపోయింది. ప్లాస్టిక్ పైపుని నిలువునా కోసి పెడితే సాఫీగా దిగింది గానీ, ఫోనులో సమయం ముగ్గురు చూస్తే ముగ్గురివీ మూడు లెక్కలు. ఆ పూటకి వదిలేద్దామనుకున్నాం.

చిల్లుపడి మూలన పడేసిన బకెట్ అప్పుడే ఒకమ్మాయి కంటపడింది. చిల్లులో స్ట్రా దూర్చి, చుట్టూ కొవ్వొత్తి మైనం మెత్తి, నిండా నీళ్లు పోసింది. స్ట్రా మూతికి వేలు అడ్డుపెట్టి కూర్చుంది. గోళీ వదలగానే వేలు తీయాలి, అడ్డంపెట్టిన చెక్కకి అది టక్కున తగలగానే మూయాలి. నాలుగైదుసార్లకి చెయ్యి కుదిరింది. పూతరేకులకి బెల్లం తూచే కాటా తెచ్చాం.

మొదట చెక్కని అర మీటరు దగ్గర పెట్టాం, తర్వాత 2 మీటర్ల దగ్గర. దూరం నాలుగింతలు కదా, నీళ్లూ నాలుగింతలే కారతాయని అందరూ పందెం కాశారు. గ్లాసు బరువు తీసేసి చూస్తే కాటా రెండింతలకి కాస్త అటూ ఇటూగా ఆగింది.

"కాటా తప్పేమో!" అంటూ ఆ అమ్మాయి గ్లాసు వంచేసి, లోపల పొడిగుడ్డతో తుడిచి, మళ్లీ స్ట్రా మూతికి వేలు పెట్టింది.