పాత రైఫిల్‌ని మెరిపిస్తే దాని కథ చెరిగిపోతుంది

ఈరోజు టాపిక్ పాత మిలిటరీ రైఫిళ్లు. కానీ దానికంటే ముందు మా అమ్మమ్మ అడకత్తెర గురించి చెప్పాలి.

బీటెక్ సెకండియర్ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు అది నల్లగా, అక్కడక్కడా తుప్పుతో కనిపించింది. సర్‌ప్రైజ్ చేద్దామని ఎమ్రీ పేపర్ తెచ్చి గంటసేపు రుద్దాను. అద్దంలా మెరిసింది. అమ్మమ్మ చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఒకచోట తడిమి, "పేరేదిరా?" అంది. పెళ్లికి వాళ్ల నాన్నగారు చుక్కలతో కొట్టించిన పేరట. అది నేను మురికి అనుకున్నాను. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేది.

పాత రైఫిళ్ల విషయంలో కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది.

ఫస్ట్, ఆ నల్లరంగు ఏంటో చూద్దాం. చాలామంది పెయింట్ అనుకుంటారు. ఎక్కువ రైఫిళ్ల మీద ఉన్నది పెయింట్ కాదు, ఒక రకం తుప్పు! అవును, తుప్పుని ఆపడానికి తుప్పునే వాడారు.

18వ శతాబ్దంలో బ్రిటిష్ సైనికుడి మస్కెట్ గొట్టం వెండిలా మెరవాలి. ఇటుక పొడితో తోమేవాళ్లు. దీంతో రెండు సమస్యలు. తోమీ తోమీ లోహం అరిగిపోతుంది, పైగా ఎండలో ఆ మెరుపు శత్రువుకి దూరం నుంచే కనిపిస్తుంది. అందుకే 1800లో వచ్చిన బేకర్ రైఫిల్ గొట్టానికి గోధుమరంగు ఫినిష్ ఇచ్చారు. దీన్నే బ్రౌనింగ్ అంటారు. గొట్టానికి ఆమ్లం కలిసిన ద్రావణం పూసి, తేమలో ఉంచి, కావాలనే తుప్పు పట్టిస్తారు. వదులుగా ఉన్న పొడిని బ్రష్‌తో తీసేసి మళ్లీ పూస్తారు. ఇలా చాలాసార్లు.

అలా తుప్పు పట్టిన గొట్టాన్ని మరిగే నీళ్లలో వేస్తే? ఎర్ర తుప్పు నల్లగా మారిపోతుంది. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తు తెచ్చుకోండి. ఎర్రది ఫెర్రిక్ ఆక్సైడ్, పొరలు పొరలుగా రాలుతుంది, తేమని పట్టుకుని లోపలికి తినేస్తూ పోతుంది. నల్లది మాగ్నెటైట్, లోహాన్ని గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది. ఇదే రస్ట్ బ్లూయింగ్. తర్వాత ఫ్యాక్టరీల్లో స్పీడ్ కావాలి కాబట్టి కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపిన ద్రావణాన్ని 140 డిగ్రీల దాకా వేడిచేసి అందులో ముంచడం మొదలైంది. రోజుల పని నిమిషాల్లోకి వచ్చేసింది.

అమెరికావాళ్లు ఇంకో దారి పట్టారు, పార్కరైజింగ్. వేడి ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచితే బూడిదరంగు, మెరుపులేని పొర వస్తుంది. దానికి సూక్ష్మమైన రంధ్రాలుంటాయి, స్పాంజిలా నూనె పీల్చుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలోని ఎమ్1 గరాండ్ మీద ఉన్నది ఇదే. బ్రిటన్ నిజంగానే పెయింట్‌కి వెళ్లింది. సన్‌కోరైట్ అనే నల్ల పెయింట్‌ని తర్వాతి లీ-ఎన్‌ఫీల్డ్‌ల మీద వేశారు.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. పాయింట్ 303 లీ-ఎన్‌ఫీల్డ్‌ని మీరు చూసే ఉంటారు, బ్యాంకు దగ్గరో, పోలీస్ స్టేషన్ దగ్గరో. ఉత్తరప్రదేశ్ పోలీసులు దీనికి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డేన! బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో ఇవి లక్షల్లో తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధానికి మన మిలిటరీ మాధవరం నుంచి వెళ్లినవాళ్ల కాలంలో భారత సైన్యం ప్రధాన రైఫిల్ ఇదే.

దీని మడమలో, అంటే భుజానికి ఆనించే చెక్క భాగంలో, చిన్న అర ఉంటుంది. అందులో ఇత్తడి నూనె సీసా, ఒక తాడు. తాడుకి గుడ్డముక్క కట్టి గొట్టంలోంచి లాగాలి. ట్విస్ట్ ఏంటంటే, నూనె ఒక్కటే సరిపోదు. అప్పటి తూటాల ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. పేలాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, మన ఉప్పుకి చుట్టం. తేమని లాగేసి గొట్టాన్ని తినేస్తుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. అందుకే ముందు మరిగే నీళ్లు పోసి, ఆరాక నూనె పెట్టేవాళ్లు. తుప్పు పట్టకూడదని గొట్టంలో నీళ్లు పోయడం! వినడానికి వింతగా ఉన్నా లాజిక్ కరెక్ట్.

ఇక అసలు విషయం. ఆ లోహం మీద ముద్రలుంటాయి. బ్రిటిష్ పాలనలో ఇషాపూర్ రైఫిల్ మీద కిరీటం, జి.ఆర్.ఐ. అనే చక్రవర్తి అక్షరాలు. స్వాతంత్ర్యం తర్వాతి వాటి మీద అశోకుడి సింహాలు. దాంతోపాటు సంవత్సరం, నంబరు, ఫ్యాక్టరీలో మళ్లీ రిపేర్ చేస్తే ఆ గుర్తు. అంటే రాజ్యం మారిన సంగతి ఆ ఇనుము మీదే రాసి ఉంది. లోతు మాత్రం వెంట్రుకవాసి.

1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల నుంచి తుపాకులు పట్టుకెళ్లారు కదా. వాటిలో ఒకటి రేపు ఎక్కడో అటక మీద దొరికిందనుకోండి. అది అదే అని నిరూపించాలంటే ముందు చూడాల్సింది దాని మీది ముద్రలు, నంబరు. ఎవరో ఒకరు ఎమ్రీ పేపర్‌తో మెరిపించేసి ఉంటే? ఇనుప ముక్క మిగులుతుంది, సాక్ష్యం పోతుంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, ఫైల్ ఉంది, గిట్ హిస్టరీ మొత్తం డిలీట్. బ్యాకప్ కూడా లేదు.

కాబట్టి ఏం చేయాలి? మన దేశంలో లైసెన్స్ లేకుండా తుపాకీ ముట్టుకునే పని లేదు. ఇది మ్యూజియంలకీ, లైసెన్స్ ఉన్నవాళ్లకీ. లోడ్ అయి లేదని చెక్ చేయడం ఎప్పుడూ మొదటి పని. ఆ తర్వాత మెత్తటి గుడ్డ, పల్చటి గన్ ఆయిల్. ఎర్ర తుప్పు ఉంటే నూనె పట్టించి ఒక రోజు వదిలేసి, అతి సన్నటి స్టీల్ వూల్‌తో నెమ్మదిగా, ముద్రల జోలికి వెళ్లకుండా. పెయింట్ ఫినిష్ మీద అది కూడా వద్దు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, కూల్‌డ్రింక్ అస్సలు వద్దు. ఇత్తడి బిందెకి పనికొచ్చే పులుపు ఆ నల్లపొరని తినేస్తుంది. వంటనూనె జిగురవుతుంది. చేతి చెమటలో ఉప్పుంటుంది, గ్లవ్స్ వేసుకోండి. తోలు సంచిలో దాచొద్దు, తేమని పట్టి ఉంచుతుంది. మ్యూజియంలవాళ్లు ప్రదర్శనలో పెట్టేవాటికి మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా పూస్తారు. బ్రిటిష్ మ్యూజియం పరిశోధనలోంచి వచ్చిన రినైజాన్స్ వాక్స్ అలాంటిదే.

కొత్తగా కనిపించాలని మళ్లీ బ్లూయింగ్ చేయించడం మాత్రం ఆఖరి తప్పు. దానికి ముందు పాలిష్ చేస్తారు, అక్కడే అక్షరాల అంచులు అరిగిపోతాయి.

మీ ఇంట్లో రైఫిల్ ఉండకపోవచ్చు. తాతగారి కొడవలి, నాన్నమ్మ కత్తిపీట, ఎవరో తెచ్చుకున్న మిలిటరీ బకిల్ ఉండొచ్చు. తోమేముందు ఒక ఫోటో తీయండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్లని, దీని మీద ఏమైనా రాసుందా అని అడగండి.

నేను అడగలేదు. ఆ అడకత్తెర ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది, పేరున్న చోట నున్నగా.